పిప్పి పన్నుకు పట్కారే దిక్కా?

రాత్రి లైట్లు ఆర్పాక మన హాస్టల్లో రెండు రకాల ఏడుపులు వినిపిస్తాయి. ఒకటి ఇంటిమీద బెంగ. అది కొత్తగా చేరిన చిన్నపిల్లలది, దసరా సెలవులు వచ్చేసరికి తగ్గిపోతుంది. రెండోది పన్ను నొప్పి. అది సెలవులకు తగ్గదు. లవంగం నమలమంటారు, ఉప్పునీళ్ళు పుక్కిలించమంటారు, దవడకు బామ్ రాస్తారు. పొద్దున్నే ఏ.ఎన్.ఎమ్. అక్క ఒక గోలీ ఇస్తుంది. నొప్పి పోతుంది, పిప్పి అట్లాగే ఉంటుంది, నెల తిరక్కుండా మళ్ళీ ఏడుపు.

అడిగితే అందరూ చెప్పే మాట ఒకటే: "పాల పన్నే గదా, ఎట్లయినా ఊడేదే, వదిలెయ్." ఆ మాట ఎందుకు తప్పో, పీకకుండా, మరపెట్టి తొలవకుండా, సూది గుచ్చకుండా పిప్పిని ఆపే పద్ధతులు ఏమున్నాయో రాద్దామని ఈసారి ఈ పేజీ తీసుకున్నాను.

పాల పళ్ళు మొత్తం 20. ఆరో నెలకు మొలవడం మొదలై, రెండున్నర మూడేళ్ళకు అన్నీ వచ్చేస్తాయి. ముందు పళ్ళు ఆరేడేళ్ళకు ఊడిపోతాయి నిజమే. కానీ నమిలే దవడ పాలపళ్ళు ఊడేది తొమ్మిదేళ్ళ నుంచి పన్నెండేళ్ళ మధ్య. అంటే మన మూడో తరగతి పిల్లవాడికి ఎనిమిదేళ్ళనుకుంటే, వాడు ఇంకా రెండు మూడేళ్ళు ఆ పళ్ళతోనే అన్నం నమలాలి. "ఊడేదే గదా" అని వదిలేస్తే ఆ రెండు మూడేళ్ళు వాడు ఒక పక్కనే నమిలి, సగం మింగి, రాత్రి నిద్ర లేక పొద్దున స్టడీ అవర్లో తూగుతాడు. పైగా పాలపన్ను కింద వచ్చే పన్నుకు జాగా కాపలా కాస్తుంది. అది తొందరగా పోతే పక్క పళ్ళు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి, కింది పన్ను వంకరగా వస్తుంది.

ఇక్కడ ఇంకో సంగతి. ఆరేళ్ళకు, పాలపళ్ళ వరుసకు చివర, ఏ పన్నూ ఊడకుండానే ఒక పెద్ద దవడ పన్ను వస్తుంది. పైన రెండు, కింద రెండు. ఏదీ ఊడలేదు కాబట్టి అది కూడా పాలపన్నే అనుకుంటాం. కాదు! అది జీవితాంతం ఉండే పన్ను. పోతే మళ్ళీ రాదు. మన హాస్టల్లో ఐదో తరగతి, ఆరో తరగతి వాళ్ళు నోరు తెరిస్తే ముందు చూడాల్సింది దాన్నే.

ఇక పిప్పి ఎట్లా వస్తుంది? మన ఊళ్ళల్లో పన్నులో పురుగు పడ్డదంటారు. సంతలో వాకుడు గింజల పొగ పట్టించి పురుగులు రాల్చి చూపించేవాళ్ళను మనలో చాలామంది చూశాం. ఇట్లాంటి గింజలు వేడికి పగిలితే లోపలి తెల్లని మొలక బయటకు వస్తుంది, అచ్చం పురుగులాగే ఉంటుంది. పంటి లోపల కంటికి కనబడే పురుగులేవీ ఉండవు. ఉండేవి సూక్ష్మజీవులు. పంటిమీద గోరుతో గీకితే వచ్చే తెల్లటి పాచి ఉంది చూశారూ, అందులో ఉంటాయి. మనం తీపి, బిస్కెట్లు, రస్కులు తిన్నప్పుడు అవీ తింటాయి, తిని ఆమ్లాన్ని వదులుతాయి. సైన్సు పుస్తకంలో పి.హెచ్. గురించి చదివాం గదా, నోటిలో పి.హెచ్. 5.5 కంటే కిందికి పోతే పంటి పింగాణీ పొరలోంచి కాల్షియం, ఫాస్ఫేటు కరిగి బయటికి పోతాయి. తర్వాత అరగంట, గంటకు ఉమ్మి ఆ ఆమ్లాన్ని విరిచి, పోయిన ఖనిజాన్ని కొంత మళ్ళీ పంటికి అతికిస్తుంది. రోజంతా ఇట్లా అప్పూ తీర్పూ నడుస్తూ ఉంటుంది. అందుకే ఎంత తీపి తిన్నామనే దానికంటే ఎన్నిసార్లు తిన్నామన్నది ముఖ్యం. ఇంటినుంచి వచ్చిన లడ్డూలు అన్నం తర్వాత ఒక్కసారే తింటే పంటికి ఒక దెబ్బ. ట్రంకుపెట్టె తెరిచినప్పుడల్లా ఒక ముక్క నోట్లో వేసుకుంటే పది దెబ్బలు, తీర్పుకు టైమే దొరకదు.

మొదట పంటిమీద సుద్ద రాసినట్టు తెల్లటి మచ్చ వస్తుంది. ఆ దశలో ఫ్లోరైడు పేస్టుతో తోముతూ, తీపి తగ్గిస్తే మచ్చ మళ్ళీ గట్టిపడుతుంది. ఏ డాక్టరూ ముట్టుకోనక్కర్లేదు. దాన్ని పట్టించుకోకపోతేనే గుంట పడుతుంది. పాలపళ్ళ పింగాణీ పొర పెద్దపళ్ళ దానిలో సుమారు సగం మందమే ఉంటుంది, లోపల నరం గది పెద్దగా ఉంటుంది. కాబట్టి గుంట నుంచి నరానికి దారి దగ్గర.

వెనకటి పద్ధతి ఏమిటంటే, పిప్పి పట్టినదంతా, దానితోపాటు చుట్టూ బాగున్న పన్ను కూడా కొంత తొలిచి, పెద్ద గుంట చేసి లోహం నింపడం. అమెరికాలో జి.వి. బ్లాక్ అనే దంతవైద్యుడు నూరేళ్ళకు పైబడి కిందట పెట్టిన సూత్రం అది. అప్పట్లో పంటికి అతుక్కునే మందులు లేవు, నింపింది జారిపోకుండా గుంటను ఆ ఆకారంలో తొలవాల్సి వచ్చేది. దానికి మర కావాలి, మరకు కరెంటు కావాలి, నొప్పి తెలియకుండా సూది కావాలి, కుర్చీ కావాలి. నాలుగేళ్ళ పిల్ల అన్నిటికీ కదలకుండా కూర్చోవాలి. కుదరదు. కుదరనిచోట పట్కారే దిక్కయ్యింది. మన ఏజెన్సీ ఊళ్ళల్లో పన్ను డాక్టరంటే పన్ను పీకే మనిషి అని పేరు పడింది అందుకే.

తర్వాత ఆలోచన మారింది. పిప్పిలో ఉన్న సూక్ష్మజీవులన్నిటినీ తవ్వి తీయనక్కర్లేదు. పైన గట్టిగా మూసేస్తే వాటికి తిండి అందదు. మన చరిత్ర పాఠంలో కోటను ముట్టడించి లోపలికి బియ్యం పోనీయకుండా చేస్తారే, అట్లా. కోట గోడలు కూల్చే పనే లేదు. తిండి లేక అవి చాలావరకు చస్తాయి, మిగిలినవి పని ఆపేస్తాయి. పన్ను లోపలి నుంచి తనను తాను గట్టి చేసుకుంటుంది. ఈ ఒక్క సంగతి మీద ఆధారపడి మూడు పద్ధతులు వచ్చాయి.

మొదటిది చేతి పనిముట్లతో చేసే పూడిక. దాన్ని ఏ.ఆర్.టి. అంటారు. 1980ల నడుమ ఆఫ్రికాలోని టాంజానియాలో మొదలైంది. అక్కడి పల్లెల్లో కరెంటు లేదు, మర లేదు. యో ఫ్రెంకెన్ అనే డచ్చి దంతవైద్యుడు, ఆయనతో పనిచేసినవాళ్ళు చిన్న చెంచాలాంటి పనిముట్టుతో మెత్తబడిన పిప్పిని మాత్రం గీకి తీసి, గ్లాస్ అయొనోమర్ అనే సిమెంటు పెట్టి చూశారు. ఈ సిమెంటు సంగతి కొంచెం చెప్పాలి. దీన్ని లండన్‌లో విల్సన్, కెంట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కనిపెట్టి 1970ల మొదట్లో లోకానికి తెలిపారు. గాజు పొడినీ ఒక ఆమ్ల ద్రవాన్నీ పలకమీద కలిపితే ముద్ద అవుతుంది, కొన్ని నిమిషాల్లో గట్టిపడుతుంది. పంటితో తనే రసాయనికంగా అతుక్కుంటుంది, పైగా ఫ్లోరైడును కొంచెం కొంచెంగా వదులుతుంది. గుంటలో ముద్ద పెట్టి, వేలికి వాజిలైన్ రాసుకుని పైనుంచి అదుముతారు. పిల్లవాడు గంటసేపు ఏమీ తినకూడదు. అంతే పని. చాలాసార్లు సూది కూడా అక్కర్లేదు, ఎందుకంటే గీకేది ప్రాణం లేని మెత్తటి భాగాన్నే. పిల్లవాణ్ణి బల్లమీద పడుకోబెట్టి, డాక్టరు తలవైపు కూర్చుంటే చాలు. మన డైనింగు హాలు బల్ల సరిపోతుంది!

1994లో ప్రపంచ ఆరోగ్య దినోత్సవానికి నోటి ఆరోగ్యాన్నే విషయంగా పెట్టారు. ఆ ఏడాది ఏప్రిల్ 7న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని అన్ని దేశాలకూ పరిచయం చేసింది. లోపం కూడా రాయాలి. నమిలే వైపు ఒక్క గుంట ఉంటే పూడిక బాగా నిలుస్తుంది. రెండు పళ్ళు ఆనుకునే చోట గుంట పడితే మాత్రం పాలపళ్ళలో చాలాసార్లు ఊడి వచ్చేస్తుంది.

రెండోది పూత మందు. దీన్ని నేను కళ్ళారా చూశాను. ఎండాకాలం సెలవుల్లో హైదరాబాదులో మా చిన్నమ్మ ఇంటికి పోయాను. వాళ్ళుండేది సోమాజిగూడలో ఎం.ఎస్. మక్తా, రాజ్‌భవన్‌కు దగ్గర్లోని బస్తీ. చుట్టూ పెద్ద పెద్ద ఆస్పత్రులే. అటు పంజగుట్టకు పోతే నిమ్స్, ఇటు రోడ్డుకు రెండువైపులా ప్రైవేటు దవాఖానలు, వాటి మధ్యలో పళ్ళ డాక్టర్ల బోర్డులు. చిన్నమ్మ కొడుక్కి నాలుగేళ్ళు, దవడ పళ్ళు నాలుగు పుచ్చాయి. డాక్టరమ్మ వాడి పెదాలకు వాజిలైన్ రాసింది. చెంపకూ పంటికీ నడుమ దూది పెట్టింది. పన్నును దూదితో తుడిచి ఆరబెట్టింది. చిన్న బుడ్డిలోంచి ఒక్క చుక్క గిన్నెలో వేసి, అగ్గిపుల్లంత బ్రష్షును అందులో ముంచి గుంటలో రుద్దింది. "అరవై లెక్కపెట్టు" అన్నది నాతో. లెక్కపెట్టాను. వాడు "చేదు" అని మొహం ముడిచాడు, అంతే. ఏడవలేదు. నాలుగు పళ్ళకూ కలిపి పది నిమిషాలు పట్టలేదు.

ఆ మందు పేరు సిల్వర్ డయమిన్ ఫ్లోరైడ్, ఎస్.డి.ఎఫ్. అంటారు. వెండి, అమ్మోనియా, ఫ్లోరైడు కలిసిన నీళ్ళలాంటి ద్రవం. వెండి సూక్ష్మజీవులను చంపుతుంది, ఫ్లోరైడు మెత్తబడిన పన్నును గట్టిపరుస్తుంది. జపాన్‌లో 1970 ప్రాంతం నుంచీ వాడుతున్నారు. అమెరికా ప్రభుత్వం 2014లో అనుమతి ఇచ్చింది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యవసర మందుల పట్టికలో దీన్ని చేర్చింది, గ్లాస్ అయొనోమర్‌నూ ఫ్లోరైడు పేస్టునూ కూడా అదే సారి చేర్చింది. నూటికి 38 పాళ్ళ మందు పూసిన పాలపళ్ళ పిప్పిలో పదింట ఎనిమిది దాకా ఆగిపోయినట్టు పరిశోధనలను ఒకచోట చేర్చి చూసినవాళ్ళు లెక్కగట్టారు. ఆరునెలలకోసారి మళ్ళీ పూయాలి, ఒక్కసారితో వదిలేస్తే ఆ ఫలితం రాదు.

దీనికి ఒక ఖరీదు ఉంది, అది డబ్బు కాదు. పిప్పి ఉన్నచోట పన్ను నల్లగా అవుతుంది, ఆ నలుపు పోదు. చిన్నమ్మ భయం అదే. "నల్లబడితే బడిల పోరగాళ్ళు నవ్వుతరు గదమ్మా" అన్నది. డాక్టరమ్మ అన్నది: "వెనక పళ్ళు ఎవరు చూస్తరమ్మా? నల్లబడ్డదంటే పిప్పి ఆగినట్టు గుర్తు. ముందు పళ్ళయితే మీరు చెప్పినట్టే చేద్దుము, తర్వాత పైన తెల్ల సిమెంటు పెట్టొచ్చు." నాకైతే ఈ జవాబు న్యాయంగా తోచింది. అయినా నలుపు సంగతి తల్లిదండ్రులకు ముందే చెప్పి, ఒప్పుకున్నాకే పూయాలి. హాస్టల్లో పిల్లలకు పూయించాల్సి వస్తే, వార్డెన్ సారు గారూ, ఇంటికి కబురు చేసి అడగడం మరచిపోవద్దని నా మనవి. సెలవులకు పిల్ల నల్ల పళ్ళతో ఇంటికి పోతే తల్లి ఏమనుకుంటుంది?

నలుపు ఎందుకొస్తుందో పదో తరగతి వాళ్ళకు తెలుసు. వెండి లవణాలు వెలుతురుకు నల్లబడతాయి. ఓటు వేసినవాళ్ళ వేలికి పెట్టే సిరాలో ఉండేదీ వెండి లవణమే. అందుకే మందు చర్మానికి అంటితే మచ్చ పడి వారం పది రోజుల్లో పోతుంది, చొక్కాకు అంటితే పోదు. బాగున్న పన్ను మాత్రం నల్లబడదు. వెండి పడనివాళ్ళకు ఈ మందు వాడకూడదు.

ఫ్లోరైడు అనగానే మనలో కొందరికి నల్లగొండ గుర్తొస్తుంది. మంచి ప్రశ్నే. మన ప్రాంతంలో ఆ జబ్బు సంగతి 1937లోనే, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల నుంచి వైద్య పత్రికకెక్కింది. తర్వాత నల్లగొండ పేరు మోగిపోయింది. అక్కడ జరిగింది వేరు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల హద్దు దాటిన బోరునీళ్ళను ఏళ్ళ తరబడి కడుపులోకి తాగారు, ఎముకల్లోకి ఎక్కింది. ఇక్కడ ఆరునెలలకు ఒక్క చుక్క, అదీ పంటిమీద. పేస్టు కూడా ఉమ్మేసేదే, మింగేది కాదు. ఒకే వస్తువు, మోతాదును బట్టి మందవుతుంది, విషమవుతుంది. ఉప్పు లేని కూర తినలేం, గుప్పెడు ఉప్పూ తినలేం గదా.

మూడోది టోపీ పద్ధతి. స్కాట్లాండులో నోర్నా హాల్ అనే దంతవైద్యురాలు వాడింది కాబట్టి హాల్ పద్ధతి అంటారు. 2006లో దాని ఫలితాలు అచ్చయ్యాయి. పిప్పి తొలవరు, సూది వేయరు. పళ్ళ మధ్య సందు లేకపోతే చిన్న రబ్బరు రింగు పెట్టి మూడు నాలుగు రోజులు ఉంచుతారు. తర్వాత పంటి కొలతకు సరిపోయే స్టీలు టోపీలో సిమెంటు నింపి పంటిమీద పెట్టి "గట్టిగా కొరుకు" అంటారు. కొన్ని రోజులు పళ్ళు ఎత్తుగా తగిలినట్టు ఉంటుంది, తర్వాత సర్దుకుంటుంది. పన్ను ఊడేనాడు టోపీతో సహా ఊడుతుంది. రెండు పళ్ళు ఆనుకునే చోట పడ్డ పిప్పికి, పూడిక నిలవని దగ్గర, ఇదే మేలు. వెండి పన్నులా మెరుస్తుంది. మా తరగతిలో ఒకడు ఇది విని తనకూ కావాలన్నాడు, వాడి పళ్ళన్నీ బాగానే ఉన్నాయి.

ఇవన్నీ చదివి ఇక పిప్పికి భయం లేదనుకోవద్దు. ఇంగ్లండు, స్కాట్లాండు, వేల్స్‌లలో అప్పటికే పిప్పి ఉన్న, మూడు నుంచి ఏడేళ్ళ లోపు పిల్లలు 1144 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు పాత పద్ధతిలో తొలిచి నింపారు, ఒక గుంపుకు పిప్పిని మూసేశారు, ఒక గుంపుకు తోమడం, తీపి తగ్గించడం వంటి జాగ్రత్తలే. ఫలితం 2020లో వెలువడింది. మూడు గుంపుల్లోనూ నూటికి 40 నుంచి 45 మందికి తర్వాత నొప్పో చీమో వచ్చింది. పెద్ద తేడా లేదు. నాకు అర్థమైంది ఇది: ఒకసారి పిప్పి పట్టిన నోటికి ఏ పద్ధతీ పూర్తి హామీ ఇవ్వదు. అట్లాంటప్పుడు పిల్లవాడికి తక్కువ భయం, తక్కువ నొప్పి ఉండే పద్ధతే ఎందుకు ఎంచుకోకూడదు?

ఈ మూడూ పనికిరాని చోటు కూడా ఉంది. చల్లనివి తగిలితే జివ్వుమని వెంటనే తగ్గితే నరం బతికే ఉంది. ఏమీ తినకుండానే రాత్రిళ్ళు నొప్పి లేపుతోందంటే, చిగురు మీద మొటిమలాగా లేచి చీము కారుతోందంటే, నరం పాడైనట్టే. దాన్ని పైన మూసేస్తే లాభం లేదు. నరానికి వైద్యమో, పన్ను తీయడమో డాక్టరు చెబుతారు. అక్కడ పట్కారుకు పని ఉంది, దాన్ని తిట్టక్కర్లేదు. చెంప వాచి జ్వరం వచ్చినా, నోరు తెరుచుకోకపోయినా, మింగడం కష్టమైనా తెల్లారేదాకా ఆగొద్దు. అర్ధరాత్రయినా సరే వార్డెన్ సారును లేపండి. తిడతారని భయపడొద్దు, లేపనందుకు తిడతారు.

ఎక్కడికి పోవాలి? సోమాజిగూడలో ఉన్నన్ని బోర్డులు మన మండలంలో లేవు, అక్కడి ఫీజులు మన ఇళ్ళకు అందేవీ కావు. అదే హైదరాబాదులో అఫ్జల్‌గంజ్‌లో, ఉస్మానియా ఆస్పత్రికి దగ్గర ప్రభుత్వ దంత కళాశాల ఆస్పత్రి ఉంది. పిల్లల పళ్ళకు ప్రత్యేక విభాగం ఉంటుంది. సోమాజిగూడ నుంచయితే ఎర్రమంజిల్‌లో మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ దగ్గర దిగవచ్చు. మనకు దగ్గరయితే ఏరియా ఆస్పత్రి. ఇంకోటి, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లలకు చూడాల్సిన జబ్బుల్లో పళ్ళ జబ్బులూ ఉన్నాయి. ఆ బృందం మన బడికి వచ్చిన రోజున నోరు గట్టిగా మూసుకుని వెనక వరుసలో దాక్కునే వాళ్ళు దయచేసి దాక్కోవద్దు. వాళ్ళు పుచ్చు పళ్ళు లెక్కపెట్టి చీటీ రాసిపోతే సరిపోదు. పూతమందు, గాజు సిమెంటు తెచ్చే దంతవైద్యుణ్ణి ఒక్కరోజు పంపమని మన హెడ్మాస్టరు గారు లెటరు పెడితే, పైన రాసినట్టు డైనింగు హాలు బల్లమీదే సగం పని అయిపోతుంది. కరెంటు పోయినా ఆగదు!

అంతదాకా మన చేతిలో ఉన్నది పేస్టు. కాస్మెటిక్ సామాన్లలో వచ్చే పేస్టు మీద ఫ్లోరైడు ఉందో లేదో చదవండి. మన దేశంలో 1000 పి.పి.ఎం. దాకా ఉండొచ్చని నిబంధన, ఆ అంకెకు దగ్గరగా ఉన్నది మంచిది. పప్పుగింజంత చాలు, బ్రష్షు నిండా పరచక్కర్లేదు. వేపపుల్ల, కానుగపుల్ల పాచిని తీస్తాయి, కాదనను, కానీ వాటిలో పంటికి సరిపడా ఫ్లోరైడు ఉండదు. బొగ్గు, ఇసుక, ఇటికపొడి మాత్రం పన్నును అరగదీస్తాయి. రాత్రి పడుకోబోయే ముందు తోమడమే అన్నిటికంటే ముఖ్యం, నిద్రలో ఉమ్మి తక్కువ ఊరుతుంది కాబట్టి పొద్దున తోమిన దానికంటే అది ఎక్కువ పనిచేస్తుంది. తోమాక ఉమ్మేసి ఊరుకోండి, చెంబెడు నీళ్ళతో పుక్కిలిస్తే ఫ్లోరైడంతా కొట్టుకుపోతుంది.

గమనిక: ఈ ఆదివారం తలస్నానాలు అయ్యాక మూడు, నాలుగు తరగతుల పిల్లల పళ్ళు చూసి, తెల్లమచ్చలు ఎవరికి, గుంటలు ఎవరికి, ఆరేళ్ళ దవడపన్ను ఎవరికి పుచ్చిందో పేర్లు రాసి ఏ.ఎన్.ఎమ్. అక్కకు ఇద్దామని తొమ్మిదో తరగతి వాళ్ళం అనుకున్నాం. అక్క ఒప్పుకుంది. పనిచేసే టార్చిలైటు ఉన్నవాళ్ళు శనివారం రాత్రి భోజనాల దగ్గర మన క్లాస్ లీడరుకు ఇవ్వగలరు. బ్యాటరీలు తిరిగి ఇస్తాం.